తీసేయడం సులువైతే ఉద్యోగాలు పెరుగుతాయా?

[తెర మీద: చిత్తూరు శివార్లలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గేటు బయట తోతాపురి కాయలతో బారులు తీరిన ట్రాక్టర్లు.]

జూన్ నెలలో చిత్తూరు చుట్టుపక్కల ఏ గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. లోపల కాయలు కడిగేవాళ్లు, ఏరేవాళ్లు, కోసేవాళ్లు, డబ్బాలు మోసేవాళ్లు. పగలు ఒక షిఫ్టు, రాత్రి ఇంకొక షిఫ్టు. ఆగస్టు దాటితే వీళ్లలో చాలామందికి ఇక్కడ పని ఉండదు. కాయ అయిపోతుంది, దాంతో పనీ అయిపోతుంది.

ఇక్కడి నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. "కార్మికులను తొలగించడం సులువు చేయండి, అప్పుడు ఎక్కువమందిని తీసుకుంటాం" అని పరిశ్రమల యజమానులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. తొలగింపుకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన నుంచి సీజన్‌లో మాత్రమే నడిచే సంస్థలను మన చట్టం మొదటి నుంచీ మినహాయించింది. అంటే వాళ్లు కోరే స్వేచ్ఛ ఈ ఫ్యాక్టరీకి ఎప్పుడూ ఉంది. మరి ఇక్కడ ఎంతమందికి పని దొరుకుతుందో ఏది నిర్ణయిస్తోంది? ఆ ఏటి కాపు, గుజ్జుకు వచ్చిన ఆర్డర్లు, గోదాములో మిగిలిన పాత నిల్వ. 2025లో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని చెప్పి, రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా మరో 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. ఎప్పుడంటే అప్పుడు కూలీలను ఆపేసే వీలు ఆ ఏడాది కూడా ఉంది. గుజ్జు కొనేవాళ్లే కరువయ్యారు.

[తెర మీద: సంవత్సరాలు ఒక్కొక్కటిగా వస్తాయి. 1947, 1976, 1982, 2020, 2025.]

చట్టం సంగతి త్వరగా చెప్పుకుందాం. పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో వచ్చింది. 300 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీ కార్మికులను తొలగించాలన్నా, మూసేయాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలని 1976లో చేర్చారు. 1982 సవరణ ఆ సంఖ్యను 100కు దించింది. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని తిరిగి 300కు పెంచింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి ఈరోజు 250 మంది ఉన్న ఫ్యాక్టరీ నోటీసు, పరిహారం ఇచ్చి తొలగించవచ్చు. అనుమతి అడగనక్కర్లేదు.

ఇప్పుడు యజమాని మనసులోకి వెళదాం. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్ విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీ అనుకోండి. పెద్ద ఆర్డరు వచ్చింది, యాభై మంది అదనంగా కావాలి. రేపు ఆ ఆర్డరు ఆగిపోతే వీళ్లను ఏం చేయాలన్న భయం ఆయనకు ఉంటుంది. ఆ భయం నిజమైనదే. తొలగించడం కష్టమైతే యాభై మంది బదులు ముప్పై మందిని తీసుకుని, ఓవర్‌టైమ్‌తో నెట్టుకొస్తాడు. యజమానుల వాదనలో బలం ఇక్కడే ఉంది. దాన్ని కొట్టిపారేయడం తప్పు.

కానీ కథలో రెండో సగం ఉంది. ఆర్డరు ఆగిన రోజున, తొలగించడం కష్టమైన చోట ఆ ముప్పై మందీ నిలుస్తారు. సులువైన చోట యాభై మందీ ఇంటికి వెళ్తారు. చెరువుకు నీళ్లు తెచ్చే కాలువనూ, బయటికి వదిలే తూమునూ రెండింటినీ వెడల్పు చేస్తే నీటి రాకపోకలు పెరుగుతాయి. చెరువులో నిలిచే నీరు మాత్రం వాననుబట్టే ఉంటుంది.

1990లో బెంటొలిలా, బెర్టోలా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు యూరప్ పరిస్థితులను లెక్క కట్టి, తొలగింపు ఖర్చులు నియామకాల కంటే తొలగింపులనే ఎక్కువగా తగ్గిస్తాయని, దీర్ఘకాలంలో సగటు ఉద్యోగాల సంఖ్య కాస్త పెరిగినా పెరగవచ్చని చూపించారు. అదే ఏడాది ఎడ్వర్డ్ లేజియర్ అనేక దేశాల గణాంకాలు చూసి, తొలగింపు పరిహారం తప్పనిసరి చేసిన చోట ఉద్యోగాలు తగ్గాయన్నారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం ఈ రెండింటికీ మధ్యలో ఆగింది. మొత్తం ఉద్యోగాల సంఖ్యపై ప్రభావం స్వల్పం. ఎవరికి ఉద్యోగం, ఎంతకాలం అన్నదానిపైన మాత్రం గట్టి ప్రభావం ఉంది. కఠిన నిబంధనల వల్ల ఉన్నవాళ్లకు రక్షణ దొరుకుతుంది, మొదటి ఉద్యోగం వెతుక్కునే కుర్రవాళ్లకు తలుపు ఇరుకవుతుంది.

[తెర మీద: భారతదేశ పటం. ఆంధ్రప్రదేశ్ వేరే రంగులో.]

మన దేశం మీద అందరూ ఉదహరించే అధ్యయనం ఒకటుంది. 2004లో టిమొతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ ప్రచురించారు. 1958 నుంచి 1992 వరకు రాష్ట్రాలు పారిశ్రామిక వివాదాల చట్టానికి చేసుకున్న సవరణలకు కార్మికుల వైపా, యజమానుల వైపా అని మార్కులు వేసి, కార్మికుల వైపు మొగ్గిన రాష్ట్రాల్లో నమోదైన ఫ్యాక్టరీల ఉత్పత్తి, ఉద్యోగాలు వెనకబడ్డాయన్నారు. ఆదిత్య భట్టాచార్జీ 2006లో ఆ లెక్కింపు పద్ధతినే తప్పుబట్టారు. ఒక్కో సవరణ అసలు బరువెంతో చూడకుండా మార్కులు వేశారన్నది ఆయన అభ్యంతరం. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. వాళ్ల జాబితాలో ఆంధ్రప్రదేశ్ యజమానుల వైపు మొగ్గిన రాష్ట్రం. అయినా ఆ కాలమంతా మన జిల్లా యువత పని కోసం చెన్నై, బెంగళూరు బస్సులు ఎక్కుతూనే ఉంది. తర్వాత సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఫ్యాక్టరీలు వెలిశాయంటే చెన్నై రేవు దగ్గర, జాతీయ రహదారి పక్కన, ఒకేచోట అంత భూమి దొరకడమే కారణం. తొలగింపు నిబంధనల కంటే ఈ కారణాలే నాకు బలంగా కనిపిస్తాయి.

[తెర మీద: తెల్లవారుజామున షిఫ్టు బస్సు దిగుతున్న యువతులు. మెడలో గుర్తింపు కార్డులు.]

ఈ చర్చలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇది. ఒకే లైన్‌లో, ఒకే యూనిఫారంలో పక్కపక్కన కూర్చుని పనిచేసే ఇద్దరిలో ఒకరి జీతం స్లిప్పు మీద కంపెనీ పేరుంటుంది, ఇంకొకరి స్లిప్పు మీద లేబర్ కాంట్రాక్టరు పేరుంటుంది. ఆర్డరు తగ్గితే కంపెనీ ఈ రెండో అమ్మాయిని తొలగించదు. కాంట్రాక్టరుకు ఒక ఫోను చేస్తుంది, అంతే. దేశంలోని నమోదైన ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కార్మికులు 2000 ప్రాంతంలో పదిమందిలో ఇద్దరు. ఇప్పుడు నలుగురు దాటారు. అంటే తీసేయడం ఆచరణలో ఎప్పుడో సులువైపోయింది. చట్టం మారాక ఉద్యోగాలు వెల్లువెత్తుతాయనేవాళ్లు ముందు ఈ సంగతికి సమాధానం చెప్పాలి.

స్పెయిన్ ఇదే దారిలో నడిచింది. 1984లో తాత్కాలిక ఒప్పందాలకు తలుపులు తెరిచింది. కొన్నేళ్లలోనే ఉద్యోగుల్లో మూడో వంతు మంది తాత్కాలికులయ్యారు. 2008 సంక్షోభం తర్వాత నిరుద్యోగం 25 శాతం దాటినప్పుడు మొదట రోడ్డున పడ్డది వాళ్లే. 2021 చివర్లో ఆ ఒప్పందాలను గట్టిగా కట్టడి చేశారు. తాత్కాలికుల వాటా బాగా తగ్గింది, మొత్తం ఉద్యోగాలు పెరుగుతూనే వచ్చాయి.

అలాగని పాత అనుమతి పద్ధతిని నేను వెనకేసుకురాను. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది. దాని పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగింది 2023లో. అనుమతి నిబంధన చట్టంలో ఉన్న రోజుల్లోనే ఆ గేటుకు తాళం పడింది. డబ్బు ఆడని సంస్థను అనుమతి కాగితం నడిపించలేదు. బయటికి వచ్చే మనిషి చేతిలో ఎంత పడుతుంది, ఎన్నాళ్లకు పడుతుంది అన్నదే ఆ ఇంటికి ముఖ్యం.

[తెర మీద: లెక్క.]

నెలకు 18,000 జీతంతో ఐదేళ్లు పనిచేసిన మనిషిని తొలగిస్తే, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం సుమారు 45,000. ఒక నెల నోటీసు, లేదా దాని బదులు జీతం. గ్రాట్యుటీ వేరే. కొత్త కోడ్ ప్రకారం నైపుణ్య శిక్షణ నిధి కింద ఇంకో 15 రోజుల వేతనం, సుమారు 9,000, తొలగించిన 45 రోజుల్లో ఖాతాలో వేయాలి. ఇది మంచి చేర్పు. కానీ ఐదేళ్ల శ్రమకు చేతికొచ్చే పరిహారం రెండున్నర నెలల జీతమే. పైగా నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్ల గడువు ముగిస్తే అది తొలగింపు కిందకే రాదు. వాళ్లకు ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది గానీ, ఈ పరిహారం రాదు.

అందుకే పనిలో చేరేటప్పుడు నియామక పత్రం చేతికి తీసుకోండి. అది ఇప్పుడు ప్రతి కార్మికుడి హక్కు. దాని మీద ఉన్నది కంపెనీ పేరా, కాంట్రాక్టరు పేరా, ముగింపు తేదీ ఉందా అన్నవి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

ఇంకొక్క విషయం. ఏడాదికి 15 రోజులన్న ఆ లెక్క చట్టంలోకి వచ్చింది 1953లో. అనుమతి సంఖ్య 300, 100, మళ్లీ 300 అని మారింది గానీ, ఈ 15 మాత్రం కదలలేదు. కొత్త కోడ్‌లో 300ను ఇంకా పెంచే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ 15 రోజులను వేరే సంఖ్యగా నోటిఫై చేసే అధికారమూ అదే కోడ్‌లో ఉంది. పరిశ్రమలు రావాలని మొదటి సంఖ్యను పెంచేటట్లయితే, రెండోదాన్ని కూడా అదే ఉత్తర్వులో పెంచాలి. మీ ఎమ్మెల్యే పరిశ్రమల గురించి మాట్లాడే సభకు వెళ్తే ఈ రెండో సంఖ్య గురించి అడగండి.