అద్దాల మేడలో షూటింగ్: ఫాక్స్ ప్లాజా చెప్పే పాఠాలు

మిత్రులారా, నమస్కారం.

లాస్ ఏంజెలెస్‌లోని సెంచురీ సిటీలో 35 అంతస్తుల ఫాక్స్ ప్లాజా ఉంది. ఎత్తు 492 అడుగులు, 1987లో పూర్తయింది. మరుసటి ఏడాది వచ్చిన హాలీవుడ్ యాక్షన్ సినిమా 'డై హార్డ్'లో కథ జరిగే నాకటోమి ప్లాజా అనే మేడ ఇదే. సినిమా అభిమానులు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుచుకుంటారు.

సినిమా తీసిన ఫాక్స్ స్టూడియో పక్కనే ఉండడం ఒక వసతి. అంతకన్నా పెద్ద వసతి, కొన్ని అంతస్తుల్లో పని ఇంకా మిగిలి ఉండడం. సగం కట్టిన ఆ అంతస్తులే తెర మీద సగం కట్టిన అంతస్తులయ్యాయి. లొకేషన్ వెతికేవాళ్లు ముందు లాబీ చూసి మురిసిపోతారు. నన్నడిగితే ఖాళీ అంతస్తే ముందు చూడాలి. అక్కడ పాడవడానికి కార్పెట్ ఉండదు, పక్క గదిలో ఉద్యోగులుండరు.

మరి సినిమాలో పార్టీ జరిగే 30వ అంతస్తు? అది స్టూడియోలో వేసిన సెట్. కిటికీల్లోంచి కనిపించే నగరం 380 అడుగుల పొడవైన బ్యాక్‌డ్రాప్, అంటే సెట్ వెనక కట్టే బొమ్మ తెర. దాని మీద దీపాలు వెలుగుతాయి, ట్రాఫిక్ కదులుతుంది. పక్కనే అసలు భవనం ఉండగా ఇంత శ్రమ దేనికనిపించవచ్చు. అద్దంతో పని చేసినవాళ్లకు తెలుస్తుంది.

రాత్రి గదిలో లైట్లు వేయగానే కిటికీ అద్దం ముఖం చూసుకునే అద్దమైపోతుంది. ఊరు మాయమై కెమెరా, ట్రైపాడ్, మనుషులు కనిపిస్తారు. పోలరైజర్ (అద్దంలో పడే ప్రతిబింబాలను తగ్గించే లెన్స్ ఫిల్టర్) ఉందిగా అంటారు. అద్దానికి లంబంగా ఉన్న గీతకు 56 డిగ్రీల దగ్గర చూసినప్పుడే దాని బలం. తిన్నగా ఎదురుగా నిలబడితే ఏమీ చేయదు. అందుకే లోపలి వెలుగు తగ్గించి, కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి, లెన్స్ మేరకే కన్నం పెట్టాలి. ఆపరేటర్ చొక్కా కూడా నలుపే ఉండాలి.

పగలు సమస్య తిరగబడుతుంది: బయట వెలుగెక్కువ. కిటికీకి ఎన్‌డీ షీటు, అంటే రంగు మార్చకుండా వెలుగు తగ్గించే బూడిదరంగు ప్లాస్టిక్ షీటు, అంటించాలి. 0.6 షీటు రెండు స్టాపులు, 0.9 మూడు స్టాపులు తగ్గిస్తుంది; ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది. అద్దం మీద నీళ్లు చిలకరించి, షీటు పరిచి, రబ్బరు పట్టీతో మధ్య నుంచి అంచులకు గాలి తోసేయాలి. బుడగ మిగిలితే కెమెరా కదిలినప్పుడు మెరుస్తుంది. అంచు వదులైతే ఏసీ గాలికి షీటు అల్లాడి, దూరపు మేడలు వణుకుతున్నట్టు కనిపిస్తాయి.

ఇక కరెంటు. అమెరికా ఆఫీసుల్లో 120 వోల్టుల, 20 ఆంపియర్ల సర్క్యూట్ అంటే 2,400 వాట్లు. గంటల తరబడి వాడితే అందులో 80 శాతం, అంటే 1,920 వాట్లే లెక్క. 2,000 వాట్ల లైటు ఒక్కటే ఆ హద్దు దాటుతుంది. అదే లైనులో ఎవరైనా కాఫీ మెషిన్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. కింద జెనరేటర్ పెట్టి 30 అంతస్తులు కేబుల్ లాగితే వోల్టేజీ దారిలోనే తగ్గుతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో భవనం మెయిన్ లైను నుంచి ఆ అంతస్తులోనే కనెక్షన్ తీయించడం మేలు.

పొగ మెషిన్‌తో చాలా జాగ్రత్త. లిఫ్టు లాబీలోని డిటెక్టర్‌కు పొగ తగిలితే లిఫ్టులన్నీ కిందికి దిగి ఆగిపోతాయి. మనుషులు, సామాను పైనే చిక్కుకుంటారు. భవనం ఫైర్ సేఫ్టీ అధికారితో మాట్లాడి, ఆ ఒక్క అంతస్తు డిటెక్టర్లనే ఆపించాలి. అవి మళ్లీ పనిచేసేదాకా కాపలాకు ఒక మనిషి అక్కడే ఉండాలి.