ఇంటెగ్రా బీ18సీ రీబిల్డ్: ఎగ్జాస్ట్ వాల్వులు ఏవి వేయాలి? | ఫుల్ రివ్యూ

నమస్కారం ఫ్రెండ్స్. ముందే చెప్పేస్తున్నా, ఈ వాల్వుల సెట్ నేను కొన్నది కాదు. ఇక్కడ డాలస్‌లో ఒక పార్ట్స్ షాప్ వాళ్లు రివ్యూ కోసం ఫ్రీగా ఇచ్చారు. గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులు ఎనిమిది, మండిన గ్యాస్‌ని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు ఎనిమిది. బ్రాండ్, పార్ట్ నంబర్, ధర డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి.

నా బండి హోండా వాళ్ల ఇంటెగ్రా జీఎస్‌ఆర్, బీ18సీ1 ఇంజిన్, 7,600 ఆర్‌పీఎం దగ్గర 170 హార్స్‌పవర్. టర్బో లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. క్రెసన్‌లో మోటర్‌స్పోర్ట్ రాంచ్ అనే రేస్ ట్రాక్‌కి ట్రాక్ డేలకి తీసుకెళ్తాను. 8,000 దాకా లాగడం మామూలే. ఆ స్పీడ్‌లో ఒక్కో వాల్వ్ నిమిషానికి 4,000 సార్లు, అంటే సెకనుకి 66 సార్లకు పైగా తెరుచుకుని మూసుకోవాలి. ఇన్‌టేక్ వాల్వ్‌కి ప్రతిసారీ చల్లటి గాలి తగులుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్‌కి ఆ అదృష్టం లేదు, మండిన గ్యాసంతా దాన్ని ఒరుసుకుంటూ పోవాల్సిందే. అందుకే ఇవాళ మాటంతా ఎగ్జాస్ట్ మీదే.

ఇదిగో మాగ్నెట్. ఇది నా దగ్గరున్న పాత టూ-పీస్ వాల్వ్. స్టెమ్, అంటే ఈ పొడుగాటి కాడ దగ్గర పెట్టగానే టక్కున అంటుకుంది. ఇలా కిందికి జరుపుతున్నా, హెడ్, అంటే ఈ గుండ్రటి బిళ్ల దగ్గరికొచ్చేసరికి పట్టు పోయింది. అంటే స్టెమ్ ఒక స్టీల్, హెడ్ ఇంకో స్టీల్, మధ్యలో వెల్డింగ్. దాన్ని తీసిపారేయకండి. అరుగుదలకి తట్టుకునే స్టీల్ స్టెమ్‌కి, వేడికి తట్టుకునేది హెడ్‌కి వాడటం మంచి ఇంజినీరింగే. ఫ్యాక్టరీ బళ్లలో లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి ఇవి. ఇప్పుడు ఈ కొత్తది చూడండి. స్టెమ్‌కీ అంటుకోలేదు, హెడ్‌కీ అంటుకోలేదు. ఇది 21-4ఎన్ స్టెయిన్‌లెస్. 21 శాతం దాకా క్రోమియం, 4 శాతం దాకా నికెల్, వాటితో పాటు మాంగనీస్, నైట్రోజన్. మొత్తం ఒకే ముక్క, మధ్యలో అతుకు లేదు. చివర టిప్ మాత్రం వేరే గట్టి లోహం, ఎందుకంటే ఈ స్టీల్ హీట్ ట్రీట్‌మెంట్‌తో అంత గట్టిపడదు.

మరి ఇంకొనెల్ ఎందుకు కాదు, టైటానియం ఎందుకు కాదు అని ప్రతి వీడియో కింద అడుగుతున్నారు. ఇంకొనెల్ నికెల్ అలాయ్. టర్బో పెట్టి గంటలకొద్దీ లోడ్‌లో తిప్పే ఇంజిన్‌కి దాని అవసరం నిజంగా ఉంటుంది. నా ఇంజిన్‌కి ఆ డబ్బు దండగ. టైటానియం స్టీల్ కన్నా దాదాపు 40 శాతం తేలిక, నాకూ చాలా ఇష్టం. కానీ దానికి కోటింగ్ కావాలి, టిప్ మీద క్యాప్ కావాలి, వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే రింగ్, అంటే సీట్, దాని మెటీరియల్ కూడా సరిపడేది కావాలి. కార్వెట్ జెడ్06లో వచ్చిన ఎల్‌ఎస్7 ఇంజిన్ చూడండి. 56 మిల్లీమీటర్ల ఇన్‌టేక్ వాల్వ్‌కి టైటానియం వాడారు, ఎగ్జాస్ట్‌కి వాడలేదు. అక్కడ సోడియం నింపిన బోలు స్టెమ్ వాల్వ్ పెట్టారు. సోడియం 98 డిగ్రీల దగ్గర కరిగి, లోపల పైకీ కిందికీ కదులుతూ హెడ్ వేడిని స్టెమ్‌లోకి లాగేస్తుంది. నిస్సాన్ ఆర్‌బీ26 లాంటి, సోడియం వాల్వులున్న ఇంజిన్ విప్పేవాళ్లకి ఒక మాట: ఆ పాత ఎగ్జాస్ట్ వాల్వులు కోయొద్దు, గ్రైండ్ చేయొద్దు, మామూలు తుక్కులో పడేయొద్దు. సోడియంకి నీళ్లు తగిలితే పేలుతుంది.

ఇక సైజు. షాప్ వాళ్లు ఒక మిల్లీమీటర్ పెద్ద ఇన్‌టేక్ వాల్వ్ వేయమని బాగా నొక్కి చెప్పారు. వద్దన్నాను. 33 నుంచి 34కి వెళ్తే వాల్వ్ చుట్టుకొలత పెరిగేది 3 శాతం. వాల్వ్ కొద్దిగా లేచినప్పుడు గాలి దూరేది ఆ చుట్టూ ఉన్న సందులోంచే. ఈ ఇంజిన్ బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 81 మిల్లీమీటర్లే, వాల్వ్ అంచు సిలిండర్ గోడకి ఇంకా దగ్గరవుతుంది. గాలి వచ్చే దారిని, అంటే పోర్ట్‌ని సరిచేయించకుండా, వాల్వుల్ని తెరిచే కామ్ మార్చకుండా ఉత్త వాల్వ్ పెద్దది చేస్తే సీట్లు కోయించిన ఖర్చే మిగులుతుంది. ఇన్‌టేక్ 33, ఎగ్జాస్ట్ 28, స్టాక్ సైజే వేస్తున్నా.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. ఎంత మంచి వాల్వ్ కొన్నా దాని ఆయుష్షు సీట్ చేతిలో ఉంది. ఎగ్జాస్ట్ వాల్వ్ హెడ్‌లోని వేడిలో ఎక్కువ భాగం బయటికి పోయే దారి సీట్ ఒక్కటే, మిగతాది స్టెమ్ జారే గొట్టం, అంటే గైడ్ లాక్కుంటుంది. బీ18సీకి హోండా చెప్పిన సీట్ వెడల్పు 1.25 నుంచి 1.55 మిల్లీమీటర్లు. కొన్ని మెషిన్ షాపులు, గాలి ఎంత పారుతుందో కొలిచే ఫ్లో బెంచ్ మీద నంబర్ గొప్పగా రావాలని ఎగ్జాస్ట్ సీట్‌ని కూడా గీతంత సన్నగా కోసేస్తాయి. కస్టమర్‌కి ఆ షీట్ చేతిలో పెట్టి పంపిస్తారు. ఆ సన్న గీత మీదుగా వేడి ఎలా పోతుంది? అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది, కస్టమరేమో వాల్వ్ బ్రాండ్‌ని తిట్టుకుంటాడు.

అందుకే మెషిన్ షాప్ నుంచి సిలిండర్ హెడ్ చేతికి రాగానే నేను చేసే పని ఇది. వాల్వ్ ఫేస్, అంటే సీట్‌కి ఆనే అంచు మీద ఈ నీలం రంగు పల్చగా రాసి, సీట్‌లో పెట్టి, మెల్లగా నొక్కి తీస్తాను. చూడండి, రింగ్ ఎక్కడా తెగలేదు, చుట్టూ ఒకే వెడల్పు, అంచుకి మరీ దగ్గరగా లేదు. కెమెరా ఇంకా దగ్గరికి తెస్తున్నా. ఆ రింగ్ చూస్తే నాకు ఎంత సంతోషమో! రింగ్ ఒక పక్క మందంగా, ఇంకో పక్క మాయమైపోతే సిలిండర్ హెడ్ వెనక్కి పంపేయండి, మొహమాటం వద్దు. పని చేయించే ముందే ఎగ్జాస్ట్ సీట్ ఎంత ఉండాలో కాగితం మీద రాసివ్వండి.

ఇంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర చవకలో సెట్ తీసుకున్నాను. వాల్వ్ హెడ్ బాగానే ఉంది కానీ స్టెమ్ మీద క్రోమ్ పెచ్చులుగా లేచి గైడ్‌ని గీకేసింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లోంచి నీలం పొగ, అంటే ఆయిల్ కాలుతోందన్నమాట. ఆ టెన్షన్ తర్వాత నుంచి కొత్త స్టెమ్ ఏదైనా ముందు గోరుతో తడిమి చూస్తాను. ఈ సెట్‌లో ఎక్కడా గోరు తగల్లేదు. స్టెమ్ హెడ్‌తో కలిసే ఆ వంపు కూడా చాలా నున్నగా తీశారు. ఇలా లైట్‌లో తిప్పుతుంటే టూల్ గీత ఒక్కటీ కనబడదు.

నచ్చనిది ఒకటుంది. బాక్స్‌లో గైడ్ క్లియరెన్స్, అంటే స్టెమ్‌కీ గైడ్‌కీ మధ్య సందు ఎంత పెట్టాలో రాసిన కాగితం లేదు. బ్రాంజ్ గైడ్ వేస్తే ఒక లెక్క, స్టాక్ గైడ్‌కి ఒక లెక్క. షాప్‌కి ఫోన్ చేసి అడిగితేగానీ చెప్పలేదు. రీబిల్డ్ చేసేవాడికి మొదట కావాల్సిన నంబరే అది!

నా మాట: టర్బో లేని హోండా బీ సిరీస్ ఇంజిన్‌కి ఇవి కళ్లు మూసుకుని తీసుకోండి, నా ఇంజిన్‌లో ఇవే వేస్తున్నా. బడ్జెట్ సరిపోకపోతే ఎగ్జాస్ట్ ఎనిమిదే కొని, ఇన్‌టేక్‌కి పాతవి బాగుంటే అవే ఉంచి, మిగిలిన డబ్బు సీట్ కటింగ్‌కీ గైడ్లకీ పెట్టండి. టర్బో వాళ్లు మాత్రం ఈ సెట్ వదిలేసి ఎగ్జాస్ట్ వరకు ఇంకొనెల్ చూడండి. మీ ఇంజిన్ కోడ్, కామ్, ఎంత ఆర్‌పీఎం దాకా లాగుతారో కామెంట్‌లో రాయండి, ఒక్కొక్కరికీ జవాబిస్తాను.