అవ్వ నేర్చుకున్నది ఏ రిజిస్టర్‌లో ఉంది?

(శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న అక్కలకు, అన్నలకు, వెనక రీడింగ్ రూంలో పుస్తకాలు పక్కన పెట్టి ఇటు చూస్తున్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. పరిచయంలో నా డిగ్రీలన్నీ ఒక్కటి కూడా వదలకుండా చదివారు. వింటూ ఉంటే ఒకటే అనిపించింది. నా పక్కన ఇంకో కుర్చీ వేసి మా అవ్వను, అంటే నన్ను కన్న తల్లిని, కూర్చోబెట్టి ఉంటే, ఆమె గురించి ఏం చదివేవారు?

నాకిచ్చిన అంశం పఠనాసక్తి. దాని గురించి నా తర్వాత మాట్లాడే సార్ నాకంటే బాగా చెబుతారు. నేను మా అవ్వ గురించి, మీ అమ్మానాయినల గురించి మాట్లాడతాను. పెద్దలు మన్నించాలి.

మా అవ్వ చిటికి కట్టే మనిషి, అంటే రంగు వేసే ముందు దారానికి ముడులు కట్టే మనిషి. ఈ ఊరివాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు, బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతాను. చీరె మీద కనిపించే బొమ్మ నేసేటప్పుడు పుట్టదు, అంతకు ముందే దారంలో ఉంటుంది. ఆసు పోసి, అంటే దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ వరుసగా తిప్పి, గుర్తులు పెట్టి, రంగు పడకూడని చోట సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగుకు మళ్లీ కడతారు. తర్వాత ఆ పేకను, అంటే చీరెలో అడ్డంగా వెళ్లే దారాన్ని, కండెలనే చిన్న గొట్టాలకు చుడతారు. కండెల వరుస తప్పితే ఏనుగు కాళ్లు ఒక చోట, తొండం ఇంకో చోట పడతాయి. మా అవ్వ వరుస తప్పకుండా కండెలన్నిటినీ దారానికి గుచ్చి పెట్టేది. దారాన్ని ఎక్కడ మడిస్తే ఒక్కసారి కట్టిన ముడితో బొమ్మ రెండు పక్కలా సమానంగా వస్తుందో ఆమెకు తెలుసు. నేను జీవితమంతా లెక్కలు చెప్పిన టీచర్‌ని. సౌష్ఠవం పాఠం బోర్డు మీద చెప్పేదాన్ని, మా అవ్వ దాన్ని దారం మీద చేసేది.

కొన్నేళ్ల కింద మా ఊళ్లో ఒక సంస్థ శిక్షణ పెట్టింది. మీకు ముందే వచ్చిన పనికి సర్టిఫికెట్ ఇస్తామన్నారు. ఆలోచన మంచిదే. కేంద్రం 2015లో తెచ్చిన కౌశల్ వికాస్ యోజన అనే నైపుణ్య శిక్షణ పథకంలో, బడిలో కాకుండా పనిలో నేర్చుకున్నదాన్ని గుర్తించే ఏర్పాటు ఉంది. అవ్వ తోటి ఆడవాళ్లందరితో కలిసి వెళ్లింది. వచ్చిన అబ్బాయి బోర్డు మీద బొమ్మ గీసి, వాళ్లు చిన్నప్పటి నుంచి కడుతున్న ముడినే వాళ్లకు నేర్పాడు. హాజరు వేశారు, వేలిముద్రలు తీసుకున్నారు, ఫోటో దిగారు. తర్వాత కాగితం వచ్చింది.

“ఏం రాసిండ్రు బిడ్డా?” అని అడిగింది అవ్వ. చదివి చెప్పాను. ఫలానా ఆమె చిటికి పనిలో శిక్షణ పొందినది అని ఉంది.

“నాకు వాళ్లు నేర్పిండ్రా?”

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి ఇచ్చిన పని అతను చేశాడు. కానీ అన్ని రోజుల్లో ఒక్కరైనా “అమ్మా, ఇది నీకెవరు నేర్పారు? ఎంతకాలం పట్టింది? మొదట్లో ఏం చెడగొట్టావు?” అని అడగలేదు. నా బాధంతా అదే. ఒక మనిషి ఒక పని నేర్చుకున్న కథ మొత్తం పోయి, ఆమె నేర్చుకోని కథ కాగితం మీద మిగిలింది.

లెక్కల్లో కూడా ఇదే జరుగుతోంది. 2011 జనగణనలో తెలంగాణ ఆడవాళ్ల అక్షరాస్యత 57.99 శాతం. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవాళ్లే అక్షరాస్యులు. ఆ లెక్క అవసరమే. దాన్ని చూపించే మనం ఊళ్లకు బడులు అడుగుతాం. కానీ ఆ లెక్కలో పడని మిగతా ఆడవాళ్లకు ఏమొచ్చో ఏ పట్టికలోనూ లేదు. 2027 జనగణనకు మనిషి ఇంటికి వస్తాడు, మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు. అతని కాగితం మనం మార్చలేం. మన ఇంట్లో మనం ఒక పుస్తకం పెట్టుకుని, వాళ్లకేమొచ్చో రాసుకోవచ్చు.

దీనికి మన తెలంగాణలోనే దారి చూపిన మనిషి ఉన్నాడు. తెలంగాణలో కవులే లేరన్నారు ఒకప్పుడు. గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు వాదన పెట్టుకుని కూర్చోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో గోల్కొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులున్నారు. లేరన్న చోటే అంతమంది తేలారు! వాళ్లు అంతకు ముందూ ఉన్నారు, రాస్తూనే ఉన్నారు. అడిగి, రాసి, అచ్చు వేసిన మనిషే లేకపోయాడు.

వెనక కూర్చున్న పిల్లలూ, మీతో మాట్లాడాలి. మీరు గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదువుతున్నారు. భూదానం ఎప్పుడు మొదలైందని అడిగితే 1951 ఏప్రిల్ 18 అని, పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబాకు 100 ఎకరాలు ఇచ్చారని టక్కున చెబుతారు. మీ నాయిన మొదటిసారి మగ్గం గుంటలోకి ఎన్నో ఏట దిగాడో చెప్పగలరా? మొదటి చీరె ఎన్నాళ్లు నేశాడు? అది అమ్ముడుపోయిందా? ఈ జవాబులు ఏ గైడులోనూ దొరకవు. ఇంటికెళ్లి అడగాలి.

ఎలా అడగాలో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. “నీ జీవితం గురించి చెప్పు” అంటే ఎవరూ చెప్పరు. “నాకేమెరుక బిడ్డా, నాకు సదువు రాకపాయె” అంటారు. పని చేస్తుండగా, పనిముట్టు చేతిలో ఉన్నప్పుడు అడగండి. మా నాయిన అసలే మాట్లాడడు. ఆయన దగ్గర మాటలు రికార్డు చేయలేదు, నాడె కొట్టే, అంటే అడ్డదారాన్ని అటూ ఇటూ పంపే చేతుల్ని వీడియో తీశాను. తర్వాత ఆ వీడియో ఆయనకే చూపిస్తే, తనంతట తానే “ఇక్కడ చూడు, దారం తెగబోతుంటే చేతికి ముందే తెలుస్తది” అన్నాడు. ఆ మాటను ఆయన మాటల్లోనే రాసుకున్నాను. దయచేసి వాళ్ల భాషను పుస్తక భాషగా దిద్దకండి.

అన్నిటికంటే ముఖ్యం, రికార్డు చేసినదాన్ని తిరిగి వాళ్లకే వినిపించాలి. మొదటిసారి అడిగినప్పుడు అవ్వ, చిటికి మా అత్త నేర్పింది అని చెప్పింది. వారం తర్వాత వినిపించాను. కాసేపు విని, “అట్ల గాదు. అత్త దగ్గర తిట్లు తిన్న. నేర్చుకున్నది పక్కింటి పెద్దమ్మ దగ్గర. ఆమె పేరు సుత చెప్పకపోతిని” అంది. ఆ మధ్యాహ్నమంతా ఆ పెద్దమ్మ గురించే చెప్పింది. తిట్టిన చోట చెయ్యి వణికేదని, ఓపికగా చూపిన చోట పని వచ్చిందని, అందుకే కోడలికి తాను ఎప్పుడూ అరవకుండా చూపించానని చెప్పింది. మేం బీఈడీలో ఏడాదంతా చదివిన సంగతిని తన బతుకులోంచి తానే తీసింది. మొదటి రికార్డు దగ్గరే ఆపేసి ఉంటే ఇదేదీ బయటికి వచ్చేది కాదు.

నేర్చుకోవడం చిన్నతనంతో అయిపోతుందని కూడా అనుకోకండి. ఆలేరు దగ్గర శారాజిపేటలో చింతకింది మల్లేశం గారు, ఆరో తరగతితో బడి ఆగిపోయిన మనిషి, తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టారు. ఒక చీరెకు ఆసు పోయాలంటే చెయ్యి 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. 1999లో యంత్రం పనిచేసింది, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తల్లి చేతిని అంత శ్రద్ధగా చూశాడు కాబట్టే ఆ యంత్రం పుట్టింది. అది మా ఇంటికి వచ్చినప్పుడు అవ్వ తలనెరిసిన మనిషి. స్విచ్ దగ్గర భయపడింది, మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. ఇప్పుడు షావుకారు వాట్సాప్‌లో పంపిన డిజైన్‌ను వేళ్లతో పెద్దది చేసి, గళ్లు లెక్కపెడుతుంది. ఇదంతా రాయాలి. తేదీ వేయాలి.

చెప్పొద్దన్నది రాయకండి. రంగు కలిపే కొలత ఆ ఇంటి ఆస్తి, అడగకుండా యూట్యూబ్‌లో పెట్టకండి. కష్టాలు చెబుతూ ఏడిస్తే ఫోన్ ఆపేయండి. త్యాగమూర్తి అని పొగుడుతూ రాస్తే మాత్రం ఏమీ రాయనట్టే. ఆమెకేం వచ్చు, ఎట్లా వచ్చింది, ఎవరి దగ్గర వచ్చింది, అది రాయండి.

మళ్లీ ఆ సర్టిఫికెట్ గుర్తొస్తోంది, క్షమించండి. దాన్ని చించేద్దామన్నాను. అవ్వ వద్దంది. “ఉండనీ, నువ్వు రాసింది దాని పక్కన పెట్టు” అంది. పెట్టాను.

గ్రంథాలయ అధికారి గారిని ఈ సభాముఖంగా ఒకటి అడుగుతున్నాను. మాకు ఒక్క అర ఇవ్వండి. అమ్మానాయినలు ఒప్పుకున్న పుస్తకాలు అందులో పెడతాం, పేరు, ఊరు, తేదీ రాసి ఇస్తాం. తలూపారు, అందరూ చూశారు కదా! వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇదే హాల్లో కూర్చుందాం. ఎవరైనా రావచ్చు. ఒక నోటుబుక్కు తెచ్చుకోండి, ఫోన్‌లో కొంచెం జాగా ఖాళీ చేసుకోండి, వీలైతే అమ్మనో నాయిననో వెంట తీసుకురండి. మా అవ్వ కూడా వస్తానంది. ముందుగా ఆమెను మీరే అడగండి, నేను రాసుకుంటాను.