అచ్చులో పోసిన జగ్గులో కళ ఎక్కడుంది?

నమస్కారం. విక్టోరియా కాలం నాటి ఆర్ట్ పాటరీ, అంటే కళాత్మకంగా చేసిన మట్టిపాత్రలు, అనగానే చాలామంది అనే మాట: "చేత్తో చేస్తేనే కళ, అచ్చులో పోస్తే సరుకు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

[తెరపై: లింథార్ప్ జగ్గు, అడుగుభాగం]

ఇది ఇంగ్లండ్‌లోని లింథార్ప్‌లో అచ్చులో పోసి చేసిన జగ్గు. అడుగున అచ్చొత్తిన సంతకం చూడండి. క్రిస్టఫర్ డ్రెసర్. ఆయన కుమ్మరి కాడు, రూపం గీసి ఇచ్చినవాడు. అచ్చు తీసినవాళ్లు, కాల్చినవాళ్లు వేరే. అయినా సరుకు మీద ఆయన సంతకమే. ఇండస్ట్రియల్ డిజైనర్ అనే ఉద్యోగం 20వ శతాబ్దంలో పుట్టిందనుకునేవాళ్లకు ఈ ముద్ర చాలు.

[తెరపై: పిడి దగ్గరగా]

డ్రెసర్ వృక్షశాస్త్రం చదివినవాడే, అయినా ముందు పట్టించుకున్నది పిడిని. జగ్గుకీ టీపాట్‌కీ పిడి ఎక్కడుండాలో 1873లో అచ్చయిన తన పుస్తకంలో బొమ్మలు గీసి మరీ వివరించాడు. నిండు బకెట్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకోండి, తర్వాత చెయ్యి చాపి పట్టుకోండి. నీళ్లు అవే, కానీ భుజం పీకేస్తుంది. పిడి బరువుకు దూరం జరిగినా అంతే, బాధ మణికట్టుకి. పైగా బకెట్ ఒంపితే నీళ్లన్నీ ఒక పక్కకి వస్తాయి కదా? జగ్గు వంచినప్పుడూ బరువు మూతివైపు పోతుంది. అప్పుడు కూడా చెయ్యి తడబడకూడదు. లతలూ పువ్వులూ ఆ తర్వాతే.

డ్రెసర్ పుట్టిన 1834లోనే పుట్టిన ఇంకో డిజైనర్ విలియం మోరిస్ మాత్రం చేతిపనినే నెత్తిన పెట్టుకున్నాడు, ఆయన వస్తువులేమో ఎక్కువగా డబ్బున్న ఇళ్లకే చేరాయి. నా ఓటు డ్రెసర్‌కే.

మరి అచ్చులో పోస్తే అన్నీ ఒకేలా ఉంటాయా? మిడిల్స్‌బ్రో దగ్గర లింథార్ప్‌లో జాన్ హారిసన్‌కి ఇటుకల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి ఇటుక మట్టితోనే పాటరీ చేద్దామన్నాడు, జపాన్ తిరిగొచ్చిన డ్రెసర్. 1879లో మొదలుపెట్టారు. మేనేజర్ హెన్రీ టూత్. బట్టీలో గ్లేజు, అంటే పాత్ర మీది గాజులాంటి పూత, కరిగి, ఒక రంగు ఇంకో రంగులోకి జారేది. అచ్చు ఒకటే, జారిన తీరు మాత్రం దేనికదే.

[తెరపై: ఒకే ఆకారం, వేర్వేరు గ్లేజులు]

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. 1882లో టూత్ వెళ్లిపోయి, విలియం ఆల్ట్‌తో కలిసి బ్రెట్‌బీ పాటరీ పెట్టాడు. లింథార్ప్ సుమారు పదేళ్లకే మూతపడింది. ఆల్ట్ తర్వాత సొంత ఫ్యాక్టరీ పెట్టుకుని లింథార్ప్ అచ్చులు కొన్నాడు, 1890ల్లో డ్రెసర్ చేత కొత్త డిజైన్లూ గీయించుకున్నాడు.

మిడిల్స్‌బ్రోలోని డోర్మన్ మ్యూజియంలో లింథార్ప్ సరుకు బోలెడుంది. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు తప్పకుండా వెళ్లండి. డ్రెసర్ గీసిన లోహపు టీపాట్ల సంగతి వచ్చే వీడియోలో.