పేరు పోయిన చోటే

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, అందరికీ వందనాలు. పాస్టరు గారికీ, సంఘ పెద్దలకూ, నన్ను పిలిచిన యవనస్థులకూ కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం అనుదిన జీవితంలో క్రైస్తవ గుణం. ఆత్మ ఫలంలోని, అంటే పరిశుద్ధాత్మ మనలో పండించే గుణంలోని, 9 లక్షణాలూ వరసగా చెబుదామని నోట్సు రాసుకొచ్చాను.

ముందు మన పేరు సంగతి. క్రైస్తవుడు అనే మాట కొత్త నిబంధన మొత్తంలో 3 సార్లే వస్తుంది. మొదటిసారి అపొస్తలుల కార్యములు 11:26లో. శిష్యులు మొట్టమొదట అంతియొకయలో క్రైస్తవులు అనబడ్డారట. అనబడ్డారు! చుట్టూ ఉన్నవాళ్లే వాళ్లనలా పిలిచారని చాలామంది పండితులు చెబుతారు. మరి మన పక్క సీట్లో పనిచేసేవాళ్లను, మన కింద పనిచేసేవాళ్లను అడిగితే మనల్ని ఏమని పిలుస్తారు?

గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు 9 లక్షణాలు చెప్పి కూడా 'ఫలము' అని ఏకవచనమే వాడాడు. ప్రేమ ఉంది, దీర్ఘశాంతం మాత్రం నన్ను అడగొద్దు అనడానికి వీల్లేదు. ప్రేమ, సంతోషం, సమాధానం... ఇక్కడ ఆగుతాను. సమాధానం అంటే ఇక్కడ జవాబు కాదు, శాంతి, సఖ్యత. ఆ మాట అనగానే నాకు ఒక అమ్మాయి ముఖం గుర్తొస్తుంది. అది చెప్పకుండా ముందుకు వెళ్లడం నావల్ల కాదు.

చాలా ఏళ్ల కిందట మా ఆఫీసులో నెలాఖరు లెక్కల స్టేట్‌మెంట్ ఒకటి తప్పుగా వెళ్లింది. అంకె తప్పు రాసిచ్చింది నేను. టైప్ చేసింది కొత్తగా చేరిన అమ్మాయి. మేనేజరు అందరి ముందూ ఆమెను తిట్టాడు. నేను అబద్ధమేమీ చెప్పలేదు. ఫైలు చూసుకుంటూ ఊరుకున్నాను. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది.

ఆ ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడం నా వంతు. మత్తయి 5:23, 24. అర్పణ తెచ్చినప్పుడు, నీ సహోదరునికి నీమీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడు. తడబడకుండా చదివాను. బాగా చదివారని ఇద్దరు మెచ్చుకున్నారు. నేను మాత్రం కానుక వేసేసి ఇంటికి వెళ్లిపోయాను.

మూడు నెలలు గడిచాయి. ఆమె ప్రతి కాగితం మీదా నా సంతకం పెట్టించుకున్నాకే టైప్ చేసేది. చివరికి ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "అమ్మా, ఆ తప్పు నాది, క్షమించు" అన్నాను. నా బరువు దిగింది. ఆమె అంది: "ఆ రోజే తెలుసు సార్. నాకొక్కదానికి చెబితే ఏం లాభం? నా పేరు అందరి ముందూ పోయింది కదా."

ప్రభువును చూడాలని చెట్టెక్కిన పన్ను వసూలుదారుడు జక్కయ్య కథ సండేస్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో! ఎప్పుడూ చెట్టు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. లూకా 19లో చెట్టు దిగాక ఏమైందో చూడండి. ప్రభువు అలాంటివాడి ఇంటికి వెళ్లాడని జనం సణుగుతున్నారు. జక్కయ్య నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. సంఖ్యాకాండం 5:7 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపిస్తే సరిపోయేది. 100 తీసుకుంటే 120. జక్కయ్య 400 అన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ మాట తర్వాతే.

ఆ అమ్మాయి ఆ మాట అన్న మర్నాడు స్టాఫ్ మీటింగులో లేచి చెప్పేశాను. కాళ్లు వణికాయి. ఆ ఏడాది నాకు ప్రమోషన్ రాలేదు. ఆ అమ్మాయి మారుమనస్సు పొందిందని చెబుతానేమోనని మీరు ఎదురుచూస్తున్నారేమో. అలా జరగలేదు. "థాంక్స్ సార్" అంది, అంతే. మళ్లీ ఎప్పుడూ నాతో మనసు విప్పి మాట్లాడలేదు. అది ఆమె హక్కు.

నా బాధ ఇదే. జబ్బు నయమైందని, ఉద్యోగం వచ్చిందని సాక్ష్యాలు వింటాం. దేవునికి స్తోత్రం. 'ఫలానా మనిషి పేరు చెడగొట్టాను, వెళ్లి సరిచేశాను' అన్న సాక్ష్యం మీలో ఎవరైనా విన్నారా? చేతులెత్తండి. చూశారా? ప్రభువు క్షమించాడు కదా అని ఆ మనిషి ముఖం కూడా చూడకుండా దాటిపోతున్నాం.

నోట్సులో ఇంకా 6 లక్షణాలున్నాయి. వదిలేస్తున్నాను. ఇప్పుడు కానుక పడతారు. ఎవరి ముఖమైనా గుర్తొచ్చినవాళ్లు కానుక సీటు మీదే పెట్టి బయటికి వెళ్లండి. ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఇంటికే వెళ్లండి. పాస్టరు గారూ, అడక్కుండానే ఈ మాట అనేశాను, అనుమతించండి. బాబూ, ఆ వెనక తలుపు కాస్త తీసిపెట్టు.