చెత్త నుంచి కరెంటు: ముందు తడి సంగతి చూద్దాం

అధ్యక్షులవారికి, కాలనీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. శాలువాలు తర్వాత కప్పుకుందాం.

చెత్తతో కరెంటు తీయడం అయ్యే పనేనా చెప్పమన్నారు. అవుతుంది. కొండవీడు దగ్గర 15 మెగావాట్ల ప్లాంటు కట్టింది మన విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్ల చెత్త కోసమే. కానీ అంతకుముందు విజయవాడలోనే పెట్టిన 6 మెగావాట్ల ప్లాంటు మూతపడింది. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో కట్టినది నెల రోజులు కూడా సరిగ్గా నడవలేదు.

నేను థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ దగ్గర పనిచేసినవాణ్ణి. వానాకాలం వస్తే మాకు టెన్షనే. తడి బొగ్గు బంకర్ గోడలకి, అంటే బొగ్గు నిల్వ ఉంచే పెద్ద తొట్టి గోడలకి, అతుక్కుపోయి కిందికి దిగదు. సుత్తులతో బాది దింపేవాళ్లం. మంట పడిపోతుంటే ఆయిల్ పోసి నిలబెట్టేవాళ్లం. బొగ్గుకే ఇంత అవస్థ ఉంటే, పాచిన అన్నం, కూర తొక్కలు, కొబ్బరి బొండాలు కలిసిన చెత్త ఎలా మండుతుంది? కిలో నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 600 కిలో కేలరీల వేడి పోతుంది. అందుకే 2016లో కేంద్రం తెచ్చిన చెత్త నిర్వహణ నిబంధనలు మంటకి పంపమన్నది కిలోకు 1500 కిలో కేలరీలు, ఆపైన ఇచ్చే చెత్తనే. అదీ మళ్లీ వాడుకోవడానికి పనికిరానిదైతేనే.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన సింగ్‌నగర్‌ని ముంచింది కదా. మా పెళ్లినాటి బూరుగు దూది పరుపు ఎప్పుడూ నేనొక్కణ్ణే డాబా మీదికి మోసుకెళ్లి ఎండేసేవాణ్ణి. ఆరోజు నలుగురం లాగితే గానీ గుమ్మం దాటలేదు. వీధిలో పడేశాక కూడా దాన్నుంచి నల్లనీళ్లు కారుతూనే ఉన్నాయి. మా ఆవిడ అటు చూడలేక లోపలికి వెళ్లిపోయింది. వీధి పొడుగునా అందరి పరుపులూ అలాగే... సరే, మళ్లీ విషయానికొస్తాను. దూది ఇట్టే అంటుకుంటుంది. ఆ పరుపుని మాత్రం బాయిలర్‌లో వేస్తే ముందు బుడమేరు నీళ్లు కాగాలి.

మా ఆవిడ తడి, పొడి వేరుగానే పెడుతుంది. మొన్న బండి అబ్బాయి రెండు డబ్బాలూ ఒకే తొట్లో గుమ్మరించాడు. ఆ అబ్బాయినేం అనను, బండికి ఉన్నదే ఒక్క తొట్టి. "ఇక నేను వేరు చేసి ఏం లాభమండీ?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

అమ్మా, వెనక వరసలోవాళ్లూ వినండి. తడి చెత్త గోబర్ గ్యాస్ లాగా గ్యాసుకి పోవాలి, ఎరువుకి పోవాలి. పొడిదాంట్లో మళ్లీ వాడుకోలేనిది ప్లాంటుకి పోవాలి. బండికి రెండు తొట్లు పెట్టమని ఈ రాత్రే అర్జీ రాద్దాం. రేపు పొద్దున బండి వచ్చేసరికి నేను వీధి మొదట్లో ఉంటాను. నాతో ఎవరెవరు వస్తారు?