పక్కవాద్యం పాట అందుకుంటే

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? సరే. ముందు ఒక చిన్న ముక్క వాయిస్తాను, తర్వాత మాట్లాడుకుందాం.

(బేస్ గిటారు మీద పది స్వరాలు, రెండుసార్లు.)

నవ్వుతున్నారంటే గుర్తుపట్టారన్నమాట. గిటారు పట్టిన పిల్లలు మొదటి నెలలోనే నేర్చేసుకునే ముక్క ఇది. మన పద్ధతిలో రాసుకుంటే స స ని స, ప మ మ, స గ స. గాంధారం సాధారణం, నిషాదం కైశికి. తమాషా అంతా మధ్యమాల దగ్గర ఉంది. పంచమం నుంచి దిగేటప్పుడు ముందు ప్రతి మధ్యమం, వెంటనే దానికి కాస్త కిందుండే శుద్ధ మధ్యమం. మన కచేరీలో ఇలా రెండూ పక్కపక్కన వేస్తే ముందు వరసలో తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి ఆగిపోతుంది. హిందుస్తానీ లలిత్ రాగం విన్నవాళ్లకి అంత వింత కాదు. అమెరికా నల్లవాళ్ల బ్లూస్ పాటల్లోనైతే అసలు రుచే అది.

1967 జనవరి 29న లండన్ సావిల్ థియేటర్‌లో అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కచేరీ జరిగింది. అది విన్న ఊపులో జాక్ బ్రూస్ ఈ ముక్క కట్టాడు. ఆయన క్రీమ్ అనే రాక్ బృందంలో బేస్ గిటారు, అంటే కింది స్వరాలు పలికే గిటారు, వాయించేవాడు. మాటలు పీట్ బ్రౌన్ అనే కవివి. ఇద్దరూ రాత్రంతా కూర్చుని బుర్రలు బద్దలుకొట్టుకున్నారు, ఏమీ రాలేదు. ఇక తెల్లారబోతుంటే కవిగారు కిటికీలోంచి బయటికి చూసి, తెల్లవారుతోంది అన్న మాటతోనే పాట మొదలుపెట్టేశాడు. అదే ‘సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్’. లోకమంతా దాన్ని గిటారు పాట అనుకుంటుంది. పుట్టింది బేస్ వాయించే మనిషి బుర్రలో.

బేస్ వాయించేవాళ్ల బతుకు ఎలా ఉంటుందో మీకు ఒక్క ముక్కలో చెప్తాను. ఇరవై ఏళ్ల కింద పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను. మిక్సర్ దగ్గర కుర్రాడు పొరపాటున నా లైన్ కట్ చేశాడు. మూడు పాటలు అయిపోయాయి. పెళ్లివారు గానీ, పాడేవాళ్లు గానీ, ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. నిజం చెప్పాలంటే నేనూ గమనించలేదు, డ్యాన్స్ చూస్తున్నాను. బేస్ అంటే మామూలుగా అంతే. ఉంటే తెలియదు, లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది కానీ ఏమిటో చెప్పలేరు.

బ్రూస్ విషయంలో మాత్రం అలా కుదరదు. ఆయన లైన్ తీసేస్తే పాటలో సగం పోతుంది. ఎందుకంటే ఆయన చెయ్యి మొదట పట్టింది బేస్ కాదు, సెల్లో. వయొలిన్‌కి పెద్దన్న లాంటి, కింది స్వరాల వాద్యం.

1943 మే 14న స్కాట్లాండ్‌లో, గ్లాస్గో పక్కనున్న బిషప్‌బ్రిగ్స్‌లో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరికీ సంగీతం వచ్చు. కెనడా, అమెరికా అంటూ కాపురం మారుతూ ఉండటంతో పిల్లాడు 14 స్కూళ్లు మారాడు. పదిహేడేళ్లకి గ్లాస్గోలోని రాయల్ స్కాటిష్ అకాడమీలో సెల్లోకీ, స్వరరచనకీ స్కాలర్‌షిప్‌తో చేరాడు. చేతి ఖర్చులకి సాయంత్రాలు జాజ్ బృందంలో వాయించేవాడు. అకాడమీ పెద్దలకి అది నచ్చలేదు. అది మానెయ్, లేదా ఇక్కడ మానెయ్ అన్నారు. ఆయన అక్కడే మానేశాడు.

ఇక్కడ చాలామంది రాసేదేమిటంటే, శాస్త్రీయాన్ని వదిలి రాక్‌లోకి వెళ్లాడు అని. నేను ఒప్పుకోను. వదిలింది భవనాన్ని. సెల్లో ఆయన వెంటే వచ్చింది. ఎలాగో చేతిలో పట్టుకునే చూద్దాం. సెల్లోకి నాలుగు తీగలు, పక్కపక్క తీగల మధ్య దూరం సా నుంచి పా. బేస్‌కీ నాలుగు తీగలే, కానీ దూరం సా నుంచి మా. అంటే ఎడమచేతి వేళ్లు నేర్చుకున్నదంతా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. వయొలిన్ నుంచి బేస్‌కి వచ్చిన నేను ఆ బాధ పడ్డాను, ఆరు నెలలు వేళ్లు తప్పు చోటే పడేవి. వేళ్ల అలవాటు మారుతుంది. మారనిది చెవి. సెల్లో వాయించినవాడికి కింది స్వరం కూడా ఒక గొంతే. పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ రచనల్లో కింది లైన్ పై పాటని మోస్తూ ఊరుకోదు, దానితో మాట్లాడుతుంది, ఎదురు చెబుతుంది, ఒక్కోసారి ముందుకెళ్లి నిలబడుతుంది. బ్రూస్ జీవితాంతం ఇద్దరి పేర్లు చెబుతూనే ఉన్నాడు. ఒకరు బాఖ్, రెండోవారు అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్.

వాద్యం ఎంచుకోవడంలోనూ ఇది కనిపిస్తుంది. మామూలు ఫెండర్ బేస్‌లో తీగ మోగే నిడివి 34 అంగుళాలు. బ్రూస్ క్రీమ్ రోజుల్లో పట్టుకున్న గిబ్సన్ ఈబీ-3లో 30న్నర. తీగ పొట్టిదైతే బిగువు తగ్గుతుంది, వేలితో పక్కకి లాగొచ్చు, స్వరం జారుతుంది. ఇలా.

(ఒక స్వరాన్ని లాగి వదిలారు.)

గమకం అనను, అంటే మా మాస్టారు పైనుంచి చూస్తూ బాధపడతారు. కానీ ఆ దాహం ఒకటే. నిలబడిన స్వరంతో తృప్తి లేకపోవడం.

ఈ దాహం అందరికీ నచ్చుతుందా? జింజర్ బేకర్ అనే డ్రమ్మర్‌కి అస్సలు నచ్చలేదు. 1962లో అలెక్సిస్ కోర్నర్ బ్లూస్ బృందంలో ఇద్దరూ కలిశారు, ఆ తర్వాత గ్రాహం బాండ్ బృందంలో కలిసి వాయించారు. నువ్వు ఎక్కువ స్వరాలు వాయిస్తున్నావు, నా డ్రమ్స్‌కి చోటు లేదు అని బేకర్ గొడవ. మన కచేరీ భాషలో చెప్పాలంటే, పక్కవాద్యం పక్కన ఉండటం లేదని. వేదిక మీదే కర్రలు, వాద్యాలు విసురుకున్నారని చెబుతారు. 1965లో బేకర్ ఇతన్ని బృందంలోంచి పంపించేశాడు. పోకపోతే కత్తి చూపించాడని కూడా కథ ఉంది.

తర్వాత బ్లూస్ గాయకుడు జాన్ మేయల్ దగ్గర కొన్నాళ్లు, మాన్‌ఫ్రెడ్ మాన్ బృందంలో కొన్నాళ్లు. 1966లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన వాళ్ల పాట ‘ప్రెటీ ఫ్లమింగో’లో బేస్ ఇతనిదే. డబ్బు వచ్చింది, చెవికి పని లేదు.

అప్పుడే బేకర్ వెళ్లి గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌ని, మనం ఒక బృందం పెడదామా అని అడిగాడు. జాక్ ఉంటే సరే అన్నాడు క్లాప్టన్. కారు నడుపుతున్న బేకర్ ఆ మాటకి దాదాపు గుద్దబోయాడట. అలా 1966లో క్రీమ్ మొదలైంది. 1968 నవంబరు 26న రాయల్ ఆల్బర్ట్ హాల్లో చివరి కచేరీతో ముగిసింది. పట్టుమని రెండున్నరేళ్లు లేదు. ఆ రెండున్నరేళ్లలోనే లోకం రాక్ వినే తీరు మారిపోయింది. క్లాప్టన్‌ని ముందు నిలబెట్టి పాడించాలని అమెరికాలో రికార్డు కంపెనీ వాళ్ల ఆశ. బేస్ వాయించేవాడు పాడటమేమిటి? కానీ ఎక్కువ పాటలు పాడిందీ, పీట్ బ్రౌన్‌తో కలిసి కట్టిందీ ఆ బేస్ వాయించేవాడే.

1968లో వచ్చిన ‘వీల్స్ ఆఫ్ ఫైర్’ రెండు రికార్డుల సెట్టు, అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది. మొదటి పాట ‘వైట్ రూమ్’ ఎత్తుగడ ఐదు మాత్రల లెక్క. మనవాళ్లకి ఖండం కొత్తేమీ కాదు కాబట్టి హాయిగా తొడ మీద వేసుకోవచ్చు. పాట మొదలవగానే నాలుగులోకి దిగుతుంది. ఆ దిగడం చూసుకోండి, కుదుపు తెలియదు. అదే సెట్టులో బ్రూస్ సెల్లో బయటికి తీశాడు. ఆ పాట సంగతి చివర్లో చెప్తాను.

క్రీమ్ తర్వాత మనిషి ఒక చోట కూర్చుంటే ఒట్టు. 1969లో సొంత ఆల్బం ‘సాంగ్స్ ఫర్ ఎ టైలర్’. బేస్, పియానో, ఆర్గాన్, సెల్లో తనే వాయించాడు. పేరులోని ఆ టైలర్, బృందాలకి బట్టలు కుట్టిపెట్టిన ఒక అమ్మాయి, ఆ ఏడాదే రోడ్డు ప్రమాదంలో పోయింది. మొదటి పాటలో గిటారు బీటిల్స్ జార్జ్ హారిసన్‌ది, మారుపేరుతో. తర్వాత డ్రమ్మర్ టోనీ విలియమ్స్‌తో జాజ్, కార్లా బ్లే రాసిన పెద్ద జాజ్ ఆపెరా, రాక్ గాయకుడు లూ రీడ్ ఆల్బంలో బేస్. క్లాప్టన్‌కి వచ్చినంత పేరు, డబ్బు ఇతనికి రాలేదు. హెరాయిన్ కొన్నేళ్లు మింగేసింది. దాని గురించి రొమాంటిక్‌గా మాట్లాడటం నాకు ఇష్టం లేదు, అందుకని ముందుకెళ్తున్నాను.

2003లో లివర్ క్యాన్సర్, మార్పిడి. కొత్త లివర్‌ని ఒళ్లు మొదట ఒప్పుకోలేదు, దాదాపు పోయాడు. అలాంటి మనిషి 2005 మేలో అదే ఆల్బర్ట్ హాల్లో క్లాప్టన్, బేకర్‌లతో నాలుగు రాత్రులు వాయించాడు. అక్టోబరులో న్యూయార్క్‌లో మూడు. అక్కడికి వచ్చేసరికి పాత కథ మళ్లీ మొదలు, బేస్ సౌండ్ ఎక్కువైందని. ముప్పై ఏడేళ్లైనా అదే ఫిర్యాదు! నాకైతే ఎందుకో ముచ్చటేసింది.

మనకి సంబంధించిన ఒక్క మాట. గ్రాహం బాండ్ దగ్గర బ్రూస్ పక్కన గిటారు వాయించినవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. తర్వాత ‘శక్తి’ అనే బృందం పెట్టి మన సంగీతంలోకి వచ్చినాయన ఆయనే. దాని తర్వాతి బృందం రిమెంబర్ శక్తిలో ఆయన పక్కన కూర్చుని మాండొలిన్ వాయించింది మన పాలకొల్లు యు. శ్రీనివాస్. 2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ పోయారు, 45 ఏళ్లకే. అక్టోబరు 25న బ్రూస్ పోయాడు, 71 ఏళ్లకి. మెక్‌లాఫ్లిన్‌కి ఆ రెండు నెలలు ఎలా గడిచాయో.

ఇక ఆ సెల్లో పాట. పేరు ‘యాజ్ యు సెడ్’. ఇందులో క్లాప్టన్ లేడు. గొంతు, గిటార్లు, సెల్లో అన్నీ బ్రూస్‌వే. బేకర్ ఇంత పెద్ద డ్రమ్స్ పక్కనపెట్టి, హై-హ్యాట్ అనే తాళాల జత ఒక్కటీ మెల్లగా వేస్తూ కూర్చున్నాడు. స్వరాలు ఎక్కువయ్యాయని ఆ రోజు మాత్రం గొడవపడినట్టు లేదు. నాలుగు నిమిషాల చిల్లర ఉంటుంది. బాబూ, ఆ ఫ్యాన్ కొంచెం ఆపుతావా, కింది స్వరాలు దాని హోరులో కలిసిపోతాయి.